పదడుగుల ఎత్తున గంప

సౌకార్‌పేటలో బంతి ఎగరెయ్యడానికి చోటు లేదు. సాయంత్రం ఆరింటికి మింట్ వీధిలో నిలబడి తల పైకెత్తితే కరెంటు తీగలు, వాటికి పెనవేసుకున్న కేబుల్ తీగలు, ఆ పైన పిట్టగోడల మీంచి వేలాడే చీరలు. తల దించితే జిలేబీ మూకుడు, సరుకు బండి, స్కూటరు, దాని వెనక హారన్ కొట్టే ఇంకో స్కూటరు. చెవిన పడేది హిందీ, మార్వాడీ, గుజరాతీ, తమిళం, మధ్యమధ్యలో మన తెలుగు. షావుకార్ల పేట కాబట్టి షావుకారుపేట. మన పాతవాళ్లు ఆ పేరుతోనే పిలిచేవారు. గోవిందప్ప నాయకుడి పేరిట వీధి ఇప్పటికీ ఉంది. కొత్వాల్ చావిడి ఇక్కడే. 1996లో వ్యాపారం కోయంబేడుకు తరలిపోయేదాకా చెన్నపట్నానికంతటికీ కూరగాయలు పంచింది ఆ చావిడే. ఎటు చూసినా నెత్తిన గంప, గంప కింద చుట్టకుదురు, ‘తప్పుకో తప్పుకో’ అంటూ కేక.

గంప సంగతి ఊరికే ఎత్తలేదు. మనం చెప్పుకోబోయే ఆట పుట్టింది గంపలోనే.

1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ ఊళ్లో వైఎంసీఏ శిక్షణ పాఠశాల మాస్టారు జేమ్స్ నైస్మిత్, చలికాలంలో కుర్రాళ్లను నాలుగు గోడల మధ్య ఆడించే ఆట ఏదైనా ఉంటే బాగుండునని ఆలోచించాడు. రెండు పీచ్‌పళ్ల గంపలు తెప్పించి వ్యాయామశాల బాల్కనీకి మేకులతో కొట్టించాడు. బాల్కనీ ఎత్తు పదడుగులు. ప్రపంచంలో ఏ కోర్టుకు వెళ్లినా రింగు ఎత్తు ఈనాటికీ అంతే. పదమూడు నియమాలు రాసి, పద్దెనిమిది మందిని చెరో తొమ్మిదిమందిగా విడగొట్టి ఆడించాడు. గంపకు అడుగు ఉండేది కాబట్టి బంతి పడ్డప్పుడల్లా నిచ్చెనెక్కి తియ్యవలసి వచ్చేది. మన కొత్వాల్ చావిడి కూలీ ఎవరైనా అక్కడ ఉండి ఉంటే అడుగు కోసెయ్యమని మొదటి రోజే చెప్పేవాడు.

ఆ వైఎంసీఏ మద్రాసులో 1890లోనే కాలు పెట్టింది. డేవిడ్ మెకానహీ అనే అమెరికన్ స్థాపించాడు. సౌకార్‌పేట నుంచి ఎన్.ఎస్.సి. బోస్ రోడ్డులోకి వచ్చి హైకోర్టు వైపు నడిస్తే కనిపించే దాని పాత భవనం ఫిలడెల్ఫియా షావుకారు జాన్ వానమేకర్ ఇచ్చిన సొమ్ముతో లేచింది. ఎదురుగా ఉన్న హైకోర్టును కట్టిన కంట్రాక్టరు మన తాటికొండ నంబెరుమాళ్ చెట్టి. రోడ్డుకు ఆ పక్కనా ఈ పక్కనా షావుకార్లే అన్నమాట. 1920లో, స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనే చదువుకుని వచ్చిన హ్యారీ క్రో బక్ మద్రాసులో వైఎంసీఏ వ్యాయామ విద్యా కళాశాల పెట్టాడు. అక్కడ తర్ఫీదైన డ్రిల్లు మాస్టార్లు దేశం నలుమూలలకూ వెళ్లారు. వాళ్లతోపాటు బడి ఆవరణల్లోకి రెండు ఇనుప స్తంభాలు, రెండు రింగులు కూడా వెళ్లాయి.

అయితే క్రికెట్‌లా వీధికెక్కలేదు ఈ ఆట. ఒలింపిక్స్‌లో మన బాస్కెట్‌బాల్ జట్టు ఆడింది ఒకే ఒక్కసారి, 1980లో మాస్కోలో. అదీ మగవాళ్ల జట్టు, అదీ చాలా దేశాలు ఆ పోటీలను బహిష్కరించిన ఏడు. ఇలాంటి ఆటలో పుట్టి, పెరిగి, పద్మశ్రీ దాకా వెళ్లిన చెన్నై అమ్మాయి అనితా పాల్‌దురై.

ఆమె తెలుగమ్మాయి కాదు. అయినా ఈ పత్రికకు ముఖచిత్రం ఎందుకయిందంటే, ఆమె ఆటబతుకు నడిచిన చోట్లు సగం సౌకార్‌పేట నుంచి కాలినడకన వెళ్లి రాగలిగినవి. మింట్ వీధి దక్షిణం కొసన పార్క్‌టౌన్ తగులుతుంది. అక్కడి నుంచి కాస్త నడిస్తే సెంట్రల్ స్టేషన్, దాని పక్కనే దక్షిణ రైల్వే ప్రధాన కార్యాలయం, రోడ్డు దాటి రిప్పన్ బిల్డింగ్ వెనక్కి వెళితే పెరియమేడులో జవహర్‌లాల్ నెహ్రూ ఇండోర్ స్టేడియం. ఉద్యోగం ఇచ్చినది ఒకటి, ఆసియా ఖండాన్ని ఇంటి ముంగిటికి తెచ్చినది ఇంకొకటి.

1985 జూన్ 22న పుట్టింది. బడిలో ఆమె మొదటి ప్రేమ పరుగుపందేలు, వాలీబాల్. పదకొండేళ్ల వయసులో రైజింగ్ స్టార్ క్లబ్ కోచ్ ఎన్. సంపత్ కంట పడింది. పిల్ల కాళ్లలో పరుగు ఉంది, చేతిలో బంతి పెడితే చాలు అనుకున్నాడాయన. 2001లో, ఇంకా పదహారేళ్ల ప్రాయంలోనే, ఆసియా మహిళల ఛాంపియన్‌షిప్ ఆడే భారత జట్టులో ఉంది. పందొమ్మిదేళ్లకు సీనియర్ జట్టు కెప్టెన్. అంత చిన్న వయసులో ఆ జట్టును నడిపినవాళ్లు అంతకుముందు లేరు.

ఆమె ఆడింది గార్డ్ స్థానంలో. రైల్వే ఉద్యోగి కాబట్టి ఈ మాట కాస్త విడమరిచి చెప్పాలి. రైలు గార్డు ఆఖరి పెట్టెలో ఉంటాడు, పచ్చజెండా ఊపుతాడు. (2022 నుంచి ఆ ఉద్యోగాన్ని ట్రైన్ మేనేజర్ అంటున్నారు.) కోర్టులో గార్డ్ ఉండేది ఇంజన్‌లో. బంతిని మన వైపు నుంచి అవతలి వైపుకు తీసుకెళ్లేది, ఎవరు ఎటు పరిగెత్తాలో కళ్లతో చెప్పేది, ఇరవై నాలుగు సెకన్లలోపు బంతి రింగు వైపు వెళ్లేలా చూసేది ఆమే. పొడుగువాళ్ల ఆటగా పేరుబడ్డ బాస్కెట్‌బాల్‌లో పొడుగుతో కాకుండా ఎదుటివాళ్ల ఆలోచన కన్నా ఒక అడుగు ముందుండి బతికే స్థానం ఇది. పాయింట్ల పట్టికలో పెద్ద అంకెలు తరచుగా ఇంకొకరి పేరు పక్కన పడతాయి.

ఆ ఇంకొకరు చాలా ఏళ్లపాటు గీతూ అన్నా జోస్. కొట్టాయం వైపు అమ్మాయి, ఆరడుగుల పైచిలుకు సెంటర్. ఆమెదీ దక్షిణ రైల్వేనే. ఆస్ట్రేలియాలో రింగ్‌వుడ్ హాక్స్ క్లబ్బుకు ఆడింది, 2011లో అమెరికా మహిళల లీగు డబ్ల్యూఎన్‌బీఏ జట్ల ఎంపిక పరీక్షలకు వెళ్లివచ్చింది. ఒకే ఆఫీసు నుంచి వచ్చిన ఇద్దరు, ఒకరు బంతి అందించేవారు, ఒకరు రింగులో వేసేవారు, కొన్నేళ్లపాటు భారత జట్టుకు వెన్నెముకగా నిలిచారు. వీళ్ల కథ ఇద్దరిదీ కలిపి ఎవరైనా పుస్తకంగా రాస్తే బాగుండునని నాకు చాలాసార్లు అనిపిస్తుంది.

2003లో, పద్దెనిమిదేళ్లకు, అనిత దక్షిణ రైల్వేలో చేరింది. ఈ ఒక్క వాక్యం ఆమె జీవితంలో ఏ పతకం కన్నా పెద్దదని నా నమ్మకం. ఆమె ఆడిన కాలంలో మన దేశంలో ఆడవాళ్లకు చెప్పుకోదగ్గ ప్రొఫెషనల్ లీగు లేదు. టికెట్టు కొని చూసే జనం లేరు, ప్రకటనల కంపెనీలు లేవు. కాలేజీ అయ్యాక బాస్కెట్‌బాల్ ఆడే అమ్మాయి ముందు రెండు దారులు: ఆట మానెయ్యడం, లేదా స్పోర్ట్స్ కోటాలో ప్రభుత్వ ఉద్యోగం. నెల తిరిగేసరికి జీతం, శిబిరానికి వెళ్లడానికి సెలవు, ప్రాక్టీసుకు వేళ, మోకాలు దెబ్బతింటే రైల్వే ఆసుపత్రి. జాతీయ పోటీల్లో రైల్వేలది ఒకే జట్టు. దేశంలోని జోన్లన్నింటి నుంచి ఏరిన అమ్మాయిలు అందులో ఉంటారు. దశాబ్దాలపాటు మహిళల టైటిల్ ఎక్కువసార్లు వాళ్లదే. దీనికి ఇంకో పక్క కూడా ఉంది. రాష్ట్రాలు పెంచిన పిల్లలను రైల్వే తీసుకుపోతుంది, ఆ పిల్లలే తిరిగొచ్చి సొంత రాష్ట్రాన్ని ఓడిస్తారు. న్యాయమా అని అడిగితే సమాధానం చెప్పడం కష్టం. రైల్వే లేకపోతే ఈ ఆట ఆడవాళ్లలో ముప్పై ఏళ్ల వయసుదాకా బతికేదా అని అడిగితే మాత్రం సమాధానం తేలిక.

జాతీయ పోటీల్లో ఆమె పతకాలు ముప్పై. 2001 నుంచి 2017 వరకు ఆమె ఆడిన ఆసియా ఛాంపియన్‌షిప్‌లు తొమ్మిదని లెక్కగడతారు. ఎనిమిదేళ్లు కెప్టెన్సీ. మధ్యలో థాయ్‌లాండ్ లీగులోనూ ఆడి వచ్చింది.

ఆ కాలం ఎంత పొడుగో అంకెలు చెప్పవు, ఆటలో వచ్చిన మార్పులు చెబుతాయి. ఆమె మొదలుపెట్టినప్పుడు ఆడవాళ్లు కూడా మగవాళ్ల బంతితోనే అంతర్జాతీయ పోటీలు ఆడేవారు. 2004 ప్రాంతంలో చుట్టుకొలత ఓ అంగుళం తక్కువైన ఆరో నంబరు బంతి వచ్చింది. చిన్నప్పటి నుంచి వేళ్లకు అలవాటైన కొలత మారిపోయింది. 2010లో మూడు పాయింట్ల గీతను 6.25 మీటర్ల నుంచి 6.75కు, అంటే అరమీటరు వెనక్కి జరిపారు. రింగు కింద సమలంబ చతుర్భుజాకారంలో ఉండే గీతల గడి దీర్ఘచతురస్రమైంది. ఆ తర్వాత ఒకే రింగుతో, జట్టుకు ముగ్గురితో, పది నిమిషాల్లో ముగిసే త్రీ బై త్రీ వచ్చింది. ఐదుగురి ఆటలో పుట్టి పెరిగినవాళ్లకు అది దాదాపు కొత్త ఆట. 2013లో దోహాలో జరిగిన ఆసియా త్రీ బై త్రీ పోటీలో మన ఆడపిల్లలు బంగారు పతకం కొట్టారు. సగం కొలతలు మారిపోయిన మగ్గం మీద అదే నాణ్యంతో నేసిన నేతగాడిని మనం ఏమంటాం? ఇదీ అంతే.

2009 సెప్టెంబరు మాట ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఆసియా మహిళల ఛాంపియన్‌షిప్ ఆ ఏడు చెన్నైలో, నెహ్రూ ఇండోర్ స్టేడియంలో జరిగింది. చైనా, కొరియా, జపాన్ జట్లు సౌకార్‌పేటకు కూతవేటు దూరంలో బంతి ఆడాయి. కప్పు చైనా పట్టుకెళ్లింది. ఆ వారం మింట్ వీధిలో దసరా కొనుగోళ్ల రద్దీ. పక్క వీధిలో పెళ్లి జరిగితే ఊరేగింపు చూడ్డానికి పరుగెత్తే పేట ఇది. ఖండమంతా వచ్చి గుమ్మం ముందు ఆడుతున్నా ఆ రద్దీలో ఒక్క గజం కదలలేదు. తప్పు పేటది కాదు. పిలిచేవాళ్లు లేని పేరంటానికి ఎవరు వెళతారు?

నాలుగేళ్ల తర్వాత బ్యాంకాక్‌లో భారత జట్టు ఐదో స్థానంలో నిలిచింది. అప్పటికి అదే మన అత్యుత్తమం.

ఆపైన ఆమె తల్లి అయింది. మన దగ్గర క్రీడాకారిణి జీవితచరిత్రలు చాలామటుకు ఇక్కడే ముగుస్తాయి, చివరి పేరాలో ఒక పెళ్లి ఫోటోతో. ముప్పై దాటిన గార్డ్ మళ్లీ పరుగు అందుకోవాలంటే పొట్ట కండరం దగ్గర నుంచి అన్నీ మొదటి నుంచి కట్టుకోవాలి. ఐదుగురి ఆటలో గార్డ్‌కు నిలబడే క్షణం ఉండదు. తన కన్నా పన్నెండేళ్లు చిన్నదైన అమ్మాయి వెంట వెనక్కి అడుగులేస్తూ కాపు కాయాలి. ఆమె తిరిగి వచ్చింది. 2017 జులైలో బెంగళూరు కంఠీరవ ఇండోర్ స్టేడియంలో ఆసియా కప్ డివిజన్ బి పోటీలు జరిగినప్పుడు ఆమె మళ్లీ జట్టులో ఉంది. కోచ్ సెర్బియాకు చెందిన జోరాన్ విసిచ్. ఫైనల్లో ఎదురుపడింది కజకిస్థాన్. చివరికి 75-73. రెండు పాయింట్లు, అంటే ఒక్క బుట్ట తేడా. ఆ గెలుపుతో భారత్ పై డివిజన్‌లోకి చేరింది. బెంగళూరు స్టేడియంలో ఆ రాత్రి అరిచినవాళ్లు నిజంగా అరిచారు. పేపర్లలో మర్నాడు అది ఆటల పేజీలో అడుగున కూర్చుంది.

తర్వాత శిక్షకురాలిగా చిన్నపిల్లల జట్ల పక్కన బెంచీ మీద కనిపించసాగింది.

అర్జున అవార్డు గీతూకు 2014లో వచ్చింది. ఆ అవార్డు పొందిన బాస్కెట్‌బాల్ క్రీడాకారుల వరుసలో అనిత పేరు లేదు. పాయింట్లు వేసినవాళ్ల కన్నా వేయించినవాళ్లు అవార్డుల కమిటీలకు ఆలస్యంగా కనబడతారని నా అనుమానం. అర్జున రాని ఆమెకు ఏకంగా పద్మశ్రీ వచ్చింది, 2021లో. ప్రభుత్వాల చూపు ఒక్కోసారి గడప దాటి నేరుగా అటక మీద పడుతుంది.

ఆ పట్టిక 2021 జనవరి 25 రాత్రి వచ్చింది. మొత్తం 119 పేర్లు. అన్నిటికన్నా పైన, పద్మవిభూషణ్ వరుసలో, మరణానంతరం, ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం. రాష్ట్రం అన్నచోట తమిళనాడు అని ఉంది. బాలు వెళ్లిపోయి అప్పటికి నాలుగు నెలలు. ఆ పేరు దగ్గరే నా కళ్లు ఆగిపోయాయి, ఇంట్లో అందరం ఆయన పాటల గురించే మాట్లాడుకున్నాం. పద్మశ్రీలు 102, అక్షరక్రమంలో కిందికి పోతూనే ఉన్నాయి. వాటిలో క్రీడలు, తమిళనాడు, పి. అనిత అని ఒక వరుస. ఇంటిపేరు పూర్తిగా లేదు, ఏ ఆటో లేదు. నేను దాని మీదుగా వేలు జరిపి పేజీ తిప్పేశాను.