లే-ఆఫ్ కూడా దక్కని శ్రామికులు

సినిమా మీద మన విమర్శ సాధారణంగా తెర దగ్గరే ఆగిపోతుంది. కథలో అభ్యుదయం ఎంత, తిరోగమనం ఎంత అని తూచి ఊరుకుంటాం. ఆ బొమ్మను తయారుచేసిన మనిషికి రేపు పని ఉంటుందా అన్న ప్రశ్న కూడా సాహిత్య కళా విమర్శకు సంబంధించినదే.

యూసుఫ్‌గూడలోని కృష్ణానగర్ అటువంటి మనుషుల పేట. అమీర్‌పేట వైపు సారథీ స్టూడియో 1950లలోనే వెలిసింది. 1976లో అన్నపూర్ణ స్టూడియో వచ్చింది. మద్రాసు నుంచి పరిశ్రమ తరలివచ్చిన కొద్దీ లైట్‌మెన్, మేకప్ పనివాళ్లు, కాస్ట్యూమర్లు, సెట్టు వడ్రంగులు, ఫైటర్లు, జూనియర్ ఆర్టిస్టులు ఇక్కడి ఇరుకు గదుల్లో చేరారు. ప్లాస్టరుతో నల్లరాతి దేవాలయాన్ని నిలబెట్టే మోల్డరు నైపుణ్యాన్ని ఎవరూ కాదనరు. ఐతే ఆ నైపుణ్యం అతనికి వచ్చే నెల జీతానికి హామీ కాదు. పని కాల్షీట్ల లెక్కన. సినిమా పూర్తికాగానే యజమాని అనేవాడే ఉండడు.

పెద్ద కర్మాగారంలో ఏడాది పనిచేసిన కార్మికుణ్ణి లే-ఆఫ్ చేస్తే సగం వేతనం చెల్లించాలన్న సూత్రం 1953లోనే చట్టంలో చేరింది. సినీ శ్రామికుణ్ణి ఎవరూ లే-ఆఫ్ చేయరు. పనికి పిలవరు, అంతే. కనుక మాంద్యం భారం మొదటిరోజే, మొత్తంగా, అతని మీద పడుతుంది.

2020 మార్చిలో కరోనాతో షూటింగులు ఆగినప్పుడు ఇది బయటపడింది. చిరంజీవి ఆధ్వర్యాన ఏర్పడిన కరోనా క్రైసిస్ చారిటీ బియ్యం, పప్పులు పంచింది. ఆ సాయాన్ని చిన్నచూపు చూడనక్కరలేదు. కాని హక్కుగా రావలసినది దానంగా వచ్చిందని గుర్తించాలి. 2022 జూన్‌లో వేతనాల కోసం కార్మికులు పని ఆపారు. ఆగస్టు 1 నుంచి ఖర్చులు పెరిగాయంటూ నిర్మాతలే ఆపారు. ఎవరు ఆపినా ఆగిపోయేది రోజుకూలీయే.

2025 ఆగస్టు 4న మొదలైన సమ్మె మరింత స్పష్టమైనది. ఫెడరేషన్ 30 శాతం పెంపు అడిగింది. సంఘంలో లేని నిపుణులనైనా పెట్టుకుంటామన్నారు నిర్మాతలు. సభ్యత్వ కార్డే ఈ శ్రామికుడికున్న ఏకైక భద్రత కాబట్టి దెబ్బ సరిగ్గా అక్కడే వేశారు. (ఆ కార్డు కొత్తగా వచ్చిన పేదవాడికి గోడగా మారుతోందన్నదీ నిజమే; సంఘాలు దీనికి జవాబు చెప్పుకోవాలి.) చివరకు రోజుకు 2000 రూపాయల లోపు వేతనం గలవారికి మూడేళ్లలో దశలవారీగా 22.5 శాతం ఒప్పుకున్నారు. పనిరోజు ధర పెరిగింది. పనిలేని రోజు మాట ఎవరూ ఎత్తలేదు.

చట్టమూ ఎత్తలేదు. 1981 నాటి సినీ కార్మికుల చట్టం రాతపూర్వక ఒప్పందం ఉండాలన్నది. ఆ చట్టం స్థానే 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కోడ్‌దీ అదే దారి. ఒప్పందం ఒక సినిమాకు. ఆకలి రెండు సినిమాల మధ్య.

ఇది పరిష్కారం లేని చిక్కు కాదు. ఓడ వస్తే పని, లేకపోతే పస్తు అన్న రేవు కూలీల కోసం 1948లో చట్టం చేశారు. దాని కింద విశాఖలో డాక్ లేబర్ బోర్డు నడిచింది. కూలీలను ఉమ్మడి జాబితాలో నమోదుచేసి, ఓడల యజమానులందరి దగ్గరా సుంకం వసూలుచేసి, ఓడ రాని రోజులకూ కనీస వేతనం ఇవ్వడం ఆ పద్ధతి. ఫ్రాన్సులో ఏడాదికి 507 గంటలు పనిచేసిన రంగస్థల, సినిమా పనివాళ్లకు నిరుద్యోగ భృతి ఉంది. కృష్ణానగర్‌లో జాబితా ఎలాగూ ఉంది, సంఘాల దగ్గర. లేనిది సుంకం. సినిమా బడ్జెట్‌లో అంత వాటా తీసి పక్కన పెట్టమని నిర్మాతలను అడిగే డిమాండు ఇంకా వేతన చర్చల బల్ల మీదికి రావలసే ఉంది.