రెండు రోజుల్లో రెండు వేల ఏళ్ళు

మీ వీధిలోనే ఎవరో ఒకరు బ్యాంకాక్ వెళ్ళొచ్చి ఉంటారు. నాలుగు రాత్రులు, అయిదు పగళ్ళ టూరు. జెండా పట్టుకున్న గైడు వెనకాల నడిచి, వాట్ ఫో గుడిలో నలభై ఆరు మీటర్ల పొడవున పడుకున్న బంగారు పూత బుద్ధుణ్ణి చూసి, రాజుగారి గుడి గోడల మీద వాళ్ళ రామాయణం బొమ్మల్లో మన హనుమంతుణ్ణి గుర్తుపట్టి, 1767లో బర్మా సైన్యం తగలబెట్టిన అయుత్తయ శిథిలాల ముందు ఫోటో దిగి వస్తారు. వచ్చాక వారం పాటు అవే కబుర్లు. వినే కొద్దీ మనకీ మనసు లాగుతుంది. కానీ పాస్‌పోర్టు, లక్షకు దగ్గరగా ఖర్చు, పిల్లల పరీక్షలు, అత్తగారి షుగరు... ఆ కోరిక అక్కడే ఆగిపోతుంది.

అయితే ఒక్కమాట. అయుత్తయ నగరం కట్టింది 1350లో. మన ఏలూరుకు నలభై కిలోమీటర్ల దూరంలో ఉన్న గుంటుపల్లి కొండలో బౌద్ధ భిక్షువులు గుహలు తొలిపించుకుని అప్పటికే పదిహేను వందల ఏళ్ళు దాటాయి. ఏలూరులో, తాడేపల్లిగూడెంలో పుట్టి పెరిగి, అక్కడే కాపురం చేస్తూ, గుంటుపల్లి గడప తొక్కని ఆడవాళ్ళు ఎంతమందో లెక్క తీస్తే మనకే సిగ్గేస్తుంది. అందుకే ఈసారి వంటల శీర్షిక పక్కన ఈ ప్రయాణం ముచ్చట. పదిహేను, ఇరవై మంది ఇల్లాళ్ళు కలిస్తే చాలు. ఒక మినీ బస్సు, రెండు రోజులు, ఒక రాత్రి.

నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు పెట్టుకోండి. ఎండ ఉండదు, కొల్లేటికి పక్షులు వచ్చి ఉంటాయి. వానాకాలం మాత్రం వద్దు. బుడమేరు, తమ్మిలేరు పొంగితే పెదయెడ్లగాడి దగ్గర నీరు రోడ్డెక్కి ఏలూరు - కైకలూరు దారే మూసేస్తారు.

తెల్లవారుజామున గూడెంలో బయల్దేరితే భీమడోలు మీదుగా ద్వారకా తిరుమల చేరతారు. చిన్న తిరుపతి గురించి మీకు నేను చెప్పేదేముంది! కానీ గర్భగుడిలో ఈసారి కాస్త నిదానంగా చూడండి. అక్కడ మూలవిరాట్టులు ఇద్దరు. ఒకరు నిండు విగ్రహం, ఇంకొకరు నడుము పై భాగం మాత్రమే కనిపించే స్వామి. మూలవిరాట్టుకు అభిషేకం చెయ్యరు, నీటి చుక్క పడితే ఎర్రచీమలు బయటికొస్తాయని ప్రతీతి. శనివారం వెళ్తే క్యూలోనే మధ్యాహ్నమవుతుంది, మిగతా రోజు చూసుకోండి. తెచ్చుకున్న పులిహోర, దద్ధోజనం కొండ దిగాక తినేసి ఎండెక్కకముందే కామవరపుకోట దారి పట్టాలి.

గుంటుపల్లి కొండ ఎక్కాలంటే మెట్లున్నాయి. మోకాళ్ళ నొప్పులవాళ్ళు భయపడక్కర్లేదు గానీ తొందరపడకూడదు. పురావస్తు శాఖ వాళ్ళ టిక్కెట్టు తీసుకుని, మంచినీళ్ళు చేతిలో పెట్టుకుని ఎక్కండి. ముందుగా ఒక గుండ్రటి గుహ వస్తుంది. లోపల రాతి స్తూపం. తలెత్తి కప్పు చూడండి. పూరింటి వాసాలు! పాక వేసినప్పుడు నడిమి నుంచి చుట్టూ వాసాలు దించుతారు చూడండి, అచ్చం అలాగే రాతిలో చెక్కారు. రాతికి వాసాలతో పనేమిటి? అప్పటివరకూ కట్టెతో కట్టడమే తెలిసిన చేతులు, రాయి పట్టుకున్నా కట్టె పోలికే దింపాయి. బీహారులోని బరాబర్ కొండల్లోనూ ఇలాంటి గుహలున్నాయి. ఊళ్ళో వాళ్ళకు మాత్రం లోపలున్నది స్తూపం కాదు, ధర్మలింగేశ్వరుడు. పసుపూ కుంకుమా పెట్టి దణ్ణం పెట్టుకుంటారు. నాకైతే ఇందులో తప్పు కనిపించదు. బ్యాంకాక్ నడిబొడ్డున బౌద్ధులే మన నాలుగు ముఖాల బ్రహ్మదేవుడికి దండలు వెయ్యడం లేదూ?

ఆ పక్కనే కొండ అంచున భిక్షువుల గదులు. వంగి లోపలికెళ్ళి ఒక్క నిమిషం కూర్చోండి, చల్లగా ఉంటుంది. ఇంకా పైకెళ్తే ఇటుకల చైత్యం, చదునైన బండ నిండా చిన్నా పెద్దా స్తూపాలు, భక్తులు మొక్కు తీర్చుకోడానికి కట్టించినవి. మన గుళ్ళో ఊయలలు కట్టినట్టు, దీపాలు పెట్టినట్టు అనుకోండి. ఇక్కడి స్తంభాల మీద సిరి సదా అనే మహారాజు పేరున్న బ్రాహ్మీ శాసనాలు దొరికాయి.

ఇక్కడ ఒక ఇల్లాలి సంగతి చెప్పుకోవాలి. ఈ కొండ మనిషి కాదు, కృష్ణా తీరాన నాగార్జునకొండ శాసనంలో కనిపిస్తుంది. పేరు బోధిసిరి. మూడో శతాబ్దం నాటిది. రాణి కాదు, ఉపాసిక. సింహళం నుంచి వచ్చిన భిక్షువుల కోసం ఆమె ఒక చైత్యం కట్టించి, ఆ పుణ్యంలో వాటా ఎవరెవరికో రాతి మీద రాయించింది. భర్త, మామగారు, అత్తగారు, బావలు, ఆడపడుచులు, పుట్టింటి వాళ్ళు, ఎవర్నీ వదల్లేదు. ఊరి పేరుతో సహా ఉంది. శుభలేఖలో పేర్లు వేయించేటప్పుడు ఎవరి పేరు పోతే ఏం గొడవో అని మనం పడే హైరానా పదిహేడు వందల ఏళ్ళ కిందటే ఆమె పడిందేమో! ఆ సింహళం బౌద్ధమే తర్వాత సముద్రం దాటి థాయ్‌లాండులో వేళ్ళూనింది. థాయ్ వాళ్ళు ఇవాళ రాసుకునే లిపి కూడా మన బ్రాహ్మీ సంతతిదే. అక్కడికెళ్ళి మనం చూసొచ్చేది మన ఇంటి మొక్కకు పూసిన పువ్వే అన్నమాట.

ఏలూరు దిగొచ్చే దారిలో పెదవేగి ఉంది. చూడ్డానికి మామూలు పల్లెటూరు, దిబ్బలు. ఒకప్పుడు ఇదే వేంగి. చిత్రరథస్వామి పేరుతో సూర్యుణ్ణి కొలిచిన శాలంకాయనులు ఇక్కణ్ణుంచే ఏలారు. తర్వాత తూర్పు చాళుక్యులకూ రాజధాని అయింది. తవ్వకాల్లో బౌద్ధ కట్టడాలు బయటపడ్డ ధనమ్మదిబ్బ చూసి అరగంటలో బయల్దేరవచ్చు.

రాత్రి ఏలూరులో బస. గదులు ముందే మాట్లాడుకోండి. బాత్‌రూములు ఎలా ఉన్నాయో ఒకరు వెళ్ళి చూసిరావడం మంచిది, ఫోనులో అందరూ బాగున్నాయనే అంటారు. గజ్జలవారి చెరువు దగ్గర నిలబడ్డ పెద్ద బుద్ధుణ్ణి సాయంత్రం చూడొచ్చు. ఆ రాత్రి చాలామందికి నిద్రపట్టదు, చూస్తూండండి. పెళ్ళికో, పురుడుకో, చావుకో తప్ప ఇల్లు వదిలి ఇంకోచోట పడుకున్న రాత్రి మనలో ఎంతమందికుంది? ఇంటికి ఒక్కసారి ఫోను చేసి పెట్టెయ్యండి. ఇడ్లీ పిండి ఫ్రిజ్‌లో ఉంది, గోంగూర పచ్చడి జాడీలో ఉంది, కుక్కరు ఎలా పెట్టాలో చెప్పే వచ్చారు. గంటకోసారి అడిగితే గంటకో సందేహం పుట్టుకొస్తుంది.

రెండోరోజు కొల్లేరు. గోదావరి, కృష్ణా డెల్టాల మధ్యన పల్లంలో ఏర్పడ్డ మంచినీటి సరస్సు ఇది. ఉప్పుటేరు ఒక్కటే సముద్రానికి దారి. 1999లో 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమని ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలోకి ఎక్కింది. ఇవన్నీ చదివి వెళ్తే కిటికీలోంచి సముద్రంలాంటి నీరు కనిపిస్తుందనుకుంటారు. కనిపించేవి చేపల చెరువుల గట్లు. 2006లో కోర్టు ఉత్తర్వులతో గట్లు కొట్టేశారు, మళ్ళీ వెలిశాయి. సరస్సు బతకాలన్నదీ నిజమే, ఆ చెరువుల మీదే పొయ్యి వెలిగే ఇళ్ళున్నాయన్నదీ నిజమే. దారిలో చేపలమ్మే ఆడవాళ్ళు కనిపిస్తే కొనకపోయినా కాసేపు మాట్లాడండి. గైడు చెప్పని సంగతులు వాళ్ళు చెబుతారు.

కొల్లేటికోట పెద్దింట్లమ్మ గుడికి కైకలూరు వైపు నుంచి వెళ్ళాలి. ఫాల్గుణంలో పెద్ద జాతర. ఇక్కడ గజపతుల కాలం కథ ఒకటుంది. కోట చుట్టూ నీరే కాపలా. ఆ నీటిని సముద్రంలోకి తీసేసి కోట పట్టుకోవాలని శత్రువులు కాలవ తవ్వారట, అదే ఉప్పుటేరు. దేవతను శాంతింపజేయడానికి గజపతుల సేనాపతి తన కూతుర్నే బలిచ్చాడట. అందుకే ఆ కాలవకు పేరంటాల కనుమ అని పేరు. గెలుపోటములు ఎవరివైనా, ఆ పిల్ల ఏమనుకుందో మాత్రం కథ చెప్పదు. అమ్మవారికి చీర, సారె పెట్టేటప్పుడు ఆ పిల్లకు కూడా ఒక పువ్వు నీటిలో వదలండి.

మధ్యాహ్నం తర్వాత ఆటపాక. కైకలూరు పక్కనే. గూడబాతులు, అదే పెలికాన్లు, పెయింటెడ్ స్టార్క్ అనే రంగు రెక్కల కొంగలు ఇక్కడ గూళ్ళు పెడతాయి. చెట్లు చాలక అటవీశాఖ నీళ్ళలో ఇనుప స్టాండ్లు నిలబెట్టింది. వాటి మీదే కాపురాలు. గూడబాతు పిల్ల తల్లి గొంతు సంచిలోకి తల మొత్తం దూర్చేసి చేప తింటుంది. పడవెక్కి దగ్గరగా చూస్తుంటే, అన్నం పెట్టమని కొంగు పట్టి లాగే మన పిల్లలే నయమనిపిస్తుంది. 1946లో పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడు ఊళ్ళో గూడబాతుల పెద్ద కాలనీ ఉందని నీలకంఠన్ అనే పక్షిశాస్త్రవేత్త గుర్తించి రాశాడు. అప్పుడు మూడు వేల దాకా ఉండేవట. 1970ల మధ్యకల్లా ఆ కాలనీ ఖాళీ అయిపోయింది. గట్టిగా అరవకండి, మరమరాలు విసరకండి, లేత రంగు చీరలు కట్టుకోండి.

తిరుగు ప్రయాణం ఆకివీడు, భీమవరం మీదుగా. ఓపికుంటే గునుపూడి సోమారామంలో దిగండి. పున్నమికి తెల్లగా, అమావాస్యకి నల్లగా లింగం రంగు మారుతుందంటారు. అయ్యవారికి పై అంతస్తులో అన్నపూర్ణమ్మ కొలువై ఉంటుంది. కార్తీక సోమవారం మాత్రం అటు తొంగి చూడకండి, జనంలో మనవాళ్ళు తప్పిపోతారు.

ఇంకొక్క సంగతి. బస్సు అద్దె, గది, పడవ టిక్కెట్లు ముందే కనుక్కుని తలా ఇంతని పంచండి. నెలనెలా కొంచెం దాచుకుంటే ఆర్నెల్లలో పోగవుతుంది. గైడు కావాలంటే మీ ఊరి హైస్కూల్లో సాంఘిక శాస్త్రం చెప్పే టీచరుగారిని అడగండి. ఆవిడకు టిక్కెట్టు మనమే పెట్టుకుందాం. జావ తాగే పెద్దావిడ ఉంటే ఫ్లాస్కూ, ప్రయాణం పడనివాళ్ళకు ఉసిరి వరుగు, అందరికీ కలిపి ఒక మందుల డబ్బా. డబ్బుల లెక్క రాసే పుస్తకం మీలో బాగా పిసినారి అనిపించుకున్న ఆవిడకే అప్పగించండి.