అంతర్జాల నిర్బంధంలో పీర్-టు-పీర్ సందేశ సాఫ్ట్‌వేర్లు: హాంకాంగ్ అనుభవం - ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం:
ప్రభుత్వాలు అంతర్జాలాన్ని నిలిపివేసినప్పుడు, లేదా కొన్ని సేవలను నిషేధించినప్పుడు, సర్వరుతో పనిలేకుండా ఫోను నుంచి ఫోనుకు నేరుగా సందేశం పంపే సాఫ్ట్‌వేర్లు ప్రత్యామ్నాయంగా ముందుకు వస్తున్నాయి. 2014, 2019 సంవత్సరాలలో హాంకాంగ్ ఉద్యమకారులు వాడిన రెండు సాఫ్ట్‌వేర్ల ఆధారంగా వీటి పనితీరును, పరిమితులను ఈ వ్యాసం వివరిస్తుంది. సెన్సార్‌షిప్‌ను దాటడం, నిఘాను తప్పించుకోవడం రెండు వేర్వేరు అవసరాలని, ఒకటి తీరితే రెండవది తీరినట్లు కాదని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: పీర్-టు-పీర్, మెష్ నెట్‌వర్క్, సెన్సార్‌షిప్, నిఘా, ఎన్‌క్రిప్షన్, హాంకాంగ్, బ్రిడ్జిఫై, బ్రయర్.

1. ప్రవేశిక:
ఒకే గదిలో ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరు వాట్సాప్‌లో మాట్లాడుకున్నా, ఆ సందేశం దూరాన ఉన్న సంస్థ సర్వరుకు చేరి తిరిగి రావలసిందే. ఈ ప్రయాణంలో సెల్ టవరు, టెలికాం సంస్థ, సర్వరు అనే ద్వారాలు ఉంటాయి. వీటిలో ఏ ఒక్కదానిని మూసినా సందేశం ఆగిపోతుంది. అందుచేత పాలకులు కోట్లాది ఫోన్లను అదుపు చేయనక్కరలేదు. ద్వారాలను అదుపు చేస్తే చాలు. ద్వారాలే లేని మార్గాన్ని నిర్మించడం పీర్-టు-పీర్ పద్ధతి లక్ష్యం.

2. పనిచేసే విధానం:
ఈ సాఫ్ట్‌వేర్లు ప్రతి ఫోనులోనూ ఉండే బ్లూటూత్, వైఫైలను ఉపయోగించుకుంటాయి. బ్లూటూత్ సంకేతం కొన్ని పదుల మీటర్లు, అనుకూల పరిస్థితులలో సుమారు 100 మీటర్లు ప్రయాణిస్తుంది. గ్రహీత అంతకు మించిన దూరంలో ఉంటే మధ్యలో ఉన్నవారి ఫోన్లు సందేశాన్ని అందుకొని ముందుకు పంపుతాయి. నిప్పంటుకున్న ఇంటికి బావి దగ్గర నుంచి వరుసగా నిలిచిన జనం బిందెలు అందించుకున్నట్లే ఇది సాగుతుంది. దీనినే మెష్ నెట్‌వర్క్ అంటారు. వరుసలో మనుషులు పలచబడితే బిందె ఆగినట్లు, ఫోన్లు పలచబడితే సందేశమూ ఆగుతుంది. కనుక కిక్కిరిసిన కూడలిలో పనిచేసే ఈ పద్ధతి, రాత్రివేళ నిర్మానుష్యమైన వీధిలో పనిచేయదు.

3. హాంకాంగ్ అనుభవం:

3.1. ఫైర్‌చాట్ (2014):
శాన్‌ఫ్రాన్సిస్కోకు చెందిన ఓపెన్ గార్డెన్ సంస్థ 2014 మార్చిలో ఫైర్‌చాట్‌ను విడుదల చేసింది. ఆ ఏడాది సెప్టెంబరు చివర హాంకాంగ్‌లో గొడుగుల ఉద్యమం మొదలైనప్పుడు, మొబైలు సేవలను నిలిపివేస్తారన్న వదంతి వ్యాపించింది. ఒక్కరోజు వ్యవధిలోనే సుమారు లక్షమంది ఈ యాప్‌లో చేరారు. అయితే అప్పట్లో ఇందులోని చర్చా గదులన్నీ బహిరంగమైనవే. ఉద్యమకారుడు చదివినట్లే పోలీసూ చదవగలడు. ఎన్‌క్రిప్షన్‌తో కూడిన వ్యక్తిగత సందేశాల సౌకర్యం 2015లో గాని రాలేదు.

3.2. బ్రిడ్జిఫై (2019):
నేరస్థుల అప్పగింత బిల్లుకు వ్యతిరేకంగా 2019లో సాగిన ఉద్యమంలో బ్రిడ్జిఫై అనే యాప్ ప్రచారంలోకి వచ్చింది. 2020 ఆగస్టులో లండన్ విశ్వవిద్యాలయానికి చెందిన రాయల్ హాలోవే పరిశోధకులు దీనిని పరీక్షించి ఫలితాలను ప్రకటించారు. ఎవరు ఎవరికి సందేశం పంపుతున్నారో దగ్గరలో ఉన్న మూడవ వ్యక్తి గుర్తించగలడు. ఒకరి పేరుతో మరొకరు సందేశం పంపగలరు. ఎన్‌క్రిప్షన్ ఉన్నప్పటికీ దానిని ఛేదించవచ్చు. విప్పగానే అనేక రెట్లు పెరిగే ఒక్క కుదింపు సందేశంతో నెట్‌వర్క్ మొత్తాన్ని స్తంభింపజేయవచ్చు. ఆ సంస్థ అదే ఏడాది సిగ్నల్ ప్రొటోకాల్‌ను స్వీకరించింది. అయినా 2022లో ప్రచురితమైన మరొక పరిశోధన దానిని జోడించిన తీరులోనూ లోపాలను చూపింది.

ఈ లోపాలకు మూలం సాంకేతికతలో మాత్రమే లేదు. క్రీడా మైదానాలు, సంగీత కచేరీలు, ప్రకృతి వైపరీత్యాలు వంటి సందర్భాలను దృష్టిలో పెట్టుకొని రూపొందిన సాఫ్ట్‌వేర్ అది. అటువంటి చోట పక్కనున్నవాడు తోటి ప్రేక్షకుడో, తోటి బాధితుడో అవుతాడు. నిరసన ప్రదర్శనలో పక్కనున్నవాడు మఫ్టీలో ఉన్న పోలీసు కావచ్చు. బిందె అందించే వరుసలోనే ప్రత్యర్థి నిలబడే అవకాశాన్ని ఆ నిర్మాణం లెక్కలోకి తీసుకోలేదు.

4. బ్రయర్ - భిన్నమైన మార్గం:
2018లో తొలి స్థిరరూపం పొందిన బ్రయర్ ఈ అవకాశాన్ని ముందుగానే ఊహించింది. ఇద్దరు వ్యక్తులు ముఖాముఖి కలిసి, ఒకరి ఫోనులోని క్యూఆర్ కోడ్‌ను మరొకరు స్కాన్ చేసి పరిచయం ఏర్పరచుకోవచ్చు. సందేశాలు వారి ఫోన్లలోనే నిల్వ ఉంటాయి. అంతర్జాలం ఉన్నప్పుడు టార్ ద్వారా, లేనప్పుడు బ్లూటూత్, వైఫైల ద్వారా ప్రయాణిస్తాయి. అపరిచితుల ఫోన్ల మీదుగా వ్యక్తిగత సందేశాలు సాగవు. అందువల్ల భద్రత పెరుగుతుంది, అంతర్జాలం లేనప్పుడు పరిధి తగ్గుతుంది. లక్షమందికి ఒకేసారి పిలుపునివ్వడానికి ఇది తగినది కాదు. నమ్మకమున్న కొద్దిమంది మాట్లాడుకోవడానికి తగినది.

5. భారతదేశ సందర్భం:
2019 ఆగస్టులో జమ్మూ కాశ్మీర్‌లో అంతర్జాల సేవలు నిలిచిపోయాయి. నిరవధికంగా సేవలను నిలిపివేయడం చెల్లదని 2020 జనవరి 10న అనూరాధా భాసిన్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. 2023లో సమాచార సాంకేతిక చట్టంలోని 69ఎ సెక్షను కింద కేంద్రప్రభుత్వం నిషేధించిన 14 యాప్‌లలో బ్రయర్ కూడా ఉంది. ఉగ్రవాదులు వీటిని వాడుతున్నారన్నది అందుకు చూపిన కారణమని వార్తాకథనాలు తెలిపాయి. రహస్య సంభాషణ సామాన్యుడికి రక్షణ అయినట్లే నేరస్థుడికీ మరుగు అవుతుందన్న వాదనను తోసిపుచ్చలేము. అయితే సేవలు నిలిచిన వేళ ఆత్మీయుల క్షేమం తెలుసుకోవలసిన కుటుంబానికీ ఇటువంటి సాధనమే ఆధారమన్న సంగతిని విస్మరించలేము.

6. ముగింపు:
ఈ పరిశీలనలో తేలిన అంశాలు:
1. సర్వరు లేకపోవడం వల్ల సందేశాన్ని ఒక్క చోట ఆపడం సాధ్యం కాదు. కాని దారిలోని ప్రతి ఫోనూ వినగలిగే చెవిగా మారవచ్చు.
2. పరిధి, భద్రత ఒకదానికొకటి ఎదురుగా నిలుస్తాయి. రెండింటినీ పూర్తిగా ఇచ్చిన సాఫ్ట్‌వేర్ ఈ పరిశీలనలో కనిపించలేదు.
3. సెన్సార్‌షిప్‌ను దాటడానికి రూపొందిన సాధనాన్ని నిఘా నుంచి కాపాడే సాధనంగా నమ్మినప్పుడు, ఆ పొరపాటుకు మూల్యం చెల్లించేది వినియోగదారుడే.

కనుక ఇటువంటి సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకునేవారు "సందేశం చేరుతుందా?" అని అడిగినంత గట్టిగా "దారిలో ఎవరు చదవగలరు?" అని కూడా అడగవలసి ఉంది.