క్రాంజీ పేరు – కంప్యూటరు తెర

సింగపూరు ఉత్తర భాగంలోని క్రాంజీకి ఆ పేరు కెరంజి వృక్షం వలన వచ్చిందంటారు. మలయ్ భాషను అరబ్బీ అక్షరాలతో కుడి నుండి ఎడమకు వ్రాసే జావీ లిపిలో ఆ పేరుకు ఐదు అక్షరాలు: కాఫ్, రా, నూన్, జీమ్, యా. 'రా' తన తరువాతి అక్షరంతో కలవదు. అందుచేత నూన్ ఆరంభరూపం ధరిస్తుంది. 'రా'ను తొలగించిన తక్షణమే కాఫ్ నూన్‌తో కలుస్తుంది, నూన్ మధ్యరూపం దాలుస్తుంది. ఆకృతి మారినా కంప్యూటరు స్మృతిలో నూన్ సంకేతం మారదు. అక్షరాన్ని భద్రపరచి, ఆకృతిని ప్రదర్శనకు విడిచిపెట్టడమే 1991లో వెలువడిన యూనికోడ్ పద్ధతి.

తెలుగుకూ ఇదే న్యాయం. 'క్రాంజీ' మన కంటికి రెండు అక్షరాలు. యంత్రానికి ఏడు సంకేతాలు. ఆకృతులనే సంకేతాలుగా దాచిన పాత తెలుగు వ్రాతలు, ఆ ఫాంటు లేనిచోట అర్థంలేని గుర్తులుగా మిగులుతాయి. వాటిని యూనికోడ్‌లోకి మార్చుకొంటేనే రాబోయే తరాలు చదవగలవు.