చేపకూ ఓ నంబరు... అది భారం కాకూడదు

గేదె చెవికి పసుపు బిళ్ల, దానిమీద 12 అంకెల నంబరు ఇప్పుడు ఊళ్లో అందరూ ఎరిగినవే. మరి చెరువులో చేప సంగతేంటి? దానికి చెవీ లేదు, కొమ్మూ లేదు. వల లాగితే అన్నీ ఒకేలా ఉంటాయి. ఏ పిల్ల ఏ తల్లిది, ఏది ఎంత పెరిగింది అని తేల్చేదెలా? ఇందుకోసమే చేపలకు ట్యాగులు వేసే పద్ధతి వచ్చింది. అయితే ట్యాగు వేసిన చేప మేత మాని, నీరసపడి, పెరగకుండా పోతే ఆ లెక్కకు విలువే ఉండదు. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది.

ట్యాగుల్లో రకాలు

మొదటిది చిన్నపాటి పిట్ ట్యాగు. గాజు గొట్టంలో పెట్టిన ఈ చిప్పు వడ్లగింజ కంటే కాస్త పెద్దగా, 12 మిల్లీమీటర్ల పొడవుంటుంది. బరువు సుమారు 0.1 గ్రాము. బ్యాటరీ ఉండదు. రీడరును దగ్గరగా తెస్తే తన 15 అంకెల నంబరు చెబుతుంది. చేప బతికినన్నాళ్లూ పనిచేస్తుంది.

రెండోది రేడియో ట్యాగు. దీనికి బ్యాటరీ, సన్నని తీగ ఉంటాయి. గట్టున నిలబడి చేప ఎటు పోతోందో తెలుసుకోవచ్చు. ఉప్పునీటిలో రేడియో తరంగాలు సాగవు కాబట్టి సముద్రంలో, నదీ ముఖాల్లో మూడో రకమైన శబ్ద ట్యాగులు వాడతారు. అమెరికాలో 1956 నాటికే సాల్మన్ చేపలకు ఇలాంటి ట్యాగులు పెట్టి వెంబడించారు. అక్కడి కొలంబియా నది ఆనకట్టల వద్ద చేపలు ఎగువకు ఎక్కే మెట్లలో పిట్ ట్యాగులు చదివే యాంటెన్నాలు అమర్చారు. దాటిన ప్రతి ట్యాగు చేపా లెక్కలోకి వస్తుంది.

‘జయంతి’ వచ్చింది ఇలాగే

మన శీలావతి (రోహు) రైతులకు ట్యాగు చేసిన మేలు ‘జయంతి’ రకం. భువనేశ్వర్ దగ్గర కౌసల్యాగంగలోని కేంద్ర మంచినీటి మత్స్య పరిశోధన సంస్థ (సీఫా) నార్వే శాస్త్రవేత్తలతో కలిసి 1992లో ఈ పని మొదలుపెట్టింది. గంగ, యమున, బ్రహ్మపుత్ర, సట్లెజ్, గోమతి నదుల శీలావతిని, తమ ఫారంలోని చేపలను తెచ్చి కలిపారు. వేలెడంత పిల్లలకే పిట్ ట్యాగులు వేసి, అన్ని కుటుంబాలనూ ఒకే చెరువులో పెంచారు. నీరు ఒకటే, మేత ఒకటే. కాబట్టి బాగా పెరిగిన కుటుంబమేదో నంబర్లే చెప్పాయి. వాటినే తర్వాతి తరానికి తల్లిదండ్రులుగా ఎంచుకున్నారు. తరానికి సగటున 17 శాతం వరకు పెరుగుదల సాధించారు. స్వాతంత్ర్య స్వర్ణోత్సవాల సందర్భంగా 1997లో దీనికి జయంతి అని పేరుపెట్టారు.

బరువు లెక్క

ట్యాగు బరువు చేప బరువులో 2 శాతం దాటరాదన్నది చాలాకాలంగా పాటిస్తున్న లెక్క. కిలో చేపకు 20 గ్రాములు, 100 గ్రాముల చేపకు 2 గ్రాములే హద్దు. కొన్ని జాతులు ఇంతకంటే ఎక్కువే మోస్తాయని తర్వాతి పరిశోధనల్లో తేలింది. అయినా ఎంత తక్కువైతే అంత మంచిది.

వేసేటప్పుడు జాగ్రత్తలు

* ముందురోజు మేత ఆపాలి. కడుపు నిండిన చేప తట్టుకోలేదు.
* తెల్లవారుజామున చల్లటి వేళ వేయాలి. ఎండపూట వద్దు.
* తడి చేతులతోనే పట్టుకోవాలి. పొడి చేయి తగిలితే ఒంటిమీది జిగురు పోయి రోగాలకు దారి ఇస్తుంది.
* చేపను మత్తులో ఉంచాలి. లవంగ నూనె 20 లీటర్ల నీటికి 1 మిల్లీలీటరు చాలు. నూనె నీళ్లలో కలవదు కాబట్టి ముందు కాస్త స్పిరిట్‌లో కలపాలి. ఒకటి రెండు చేపలపై చూశాకే మిగతావి దించాలి. మొప్పల కదలిక ఆగుతుంటే వెంటనే మంచినీళ్లలో వేయాలి.
* సూది, ట్యాగు శుభ్రంగా ఉండాలి. మొద్దుబారిన సూది వాడొద్దు.
* తినే చేపకు ట్యాగు కండలో వద్దు. పొట్టలో వేస్తే పేగులతో పాటు బయటికి పోతుంది. తల్లి చేపకు పొట్టలో వేస్తే గుడ్లతో పాటు జారిపోవచ్చు, అందుకే వాటికి వీపు కండలో వేస్తారు.

వేసిన వెంటనే చెరువులోకి వదలకూడదు. గాలి బాగా ఆడే నీటిలో తేరుకున్నాక, ఒకటి రెండు రోజులు హాపాలో ఉంచి చూడాలి. ట్యాగు వేయని కొన్ని చేపలను కూడా అలాగే పట్టి, మత్తిచ్చి, పక్కన పెంచాలి. రెండింటి పెరుగుదల సమానంగా ఉంటేనే ట్యాగు భారం కాలేదని నమ్మవచ్చు.

చిన్న రైతుకేం పని?

అరెకరం చెరువు రైతు ప్రతి చేపకూ ట్యాగు వేయలేడు, వేయనక్కర్లేదు. కానీ సీడు కొనేది ఆయనే, ఏడాది కష్టం పోసేదీ ఆయనే. హేచరీలో తల్లి చేపల లెక్క లేకపోతే అక్కాచెల్లెళ్లకు అన్నదమ్ములే జతపడతారు. అలాంటి పిల్ల ఎంత మేత వేసినా గిడసబారుతుంది. కర్ణాటక హేచరీలపై 1990లో వచ్చిన అధ్యయనం ఈ ప్రమాదాన్ని బయటపెట్టింది. అందుకని సీడు కొనేముందు మూడు ప్రశ్నలు అడగాలి. తల్లి చేపలు ఎక్కడివి? ఎన్నేళ్లకోసారి మారుస్తారు? వాటికి నంబర్లున్నాయా? నసిగే చోట కొనడం కంటే నాలుగు కిలోమీటర్లు ఎక్కువ తిరగడమే నయం.

రెండు హేచరీల సీడులో ఏది మేలో సొంతంగానూ తేల్చుకోవచ్చు. ఒకే సైజు పిల్లలను చెరో 50 తీసుకుని, ఒక రకానికి ఎడమవైపు, రెండో రకానికి కుడివైపు పొట్టకింది రెక్క కొస పదునైన కత్తెరతో కత్తిరించాలి. రెండింటినీ ఒకే చెరువులో వదలాలి. ఒకదానికే కత్తిరిస్తే పోలిక తప్పుతుంది. రెక్క కొన్ని నెలల్లో మళ్లీ మొలుస్తుంది కాబట్టి వల లాగినప్పుడల్లా చూసి, మళ్లీ కొస తీయాలి. తూకం వేసి పుస్తకంలో రాసుకోవాలి. పట్టుబడి నాటికి ఏ సీడు లాభమో ఆ పుస్తకమే చెబుతుంది.