ట్రంకుపెట్టె నుంచి మెయిల్‌బాక్సు దాకా...

ఏటూరునాగారం ఏజెన్సీలో చాలా ఇళ్లలో ఓ రేకుపెట్టె ఉంటుంది. అందులో పాలిథిన్‌ కవరు. ఆ కవరులో పదో తరగతి మెమో, కుల ధ్రువీకరణ పత్రం, పోడు పట్టా, రేషన్‌ కార్డు. ఇంటిల్లిపాది భవిష్యత్తంతా ఆ నాలుగు కాగితాల్లోనే!

వానాకాలం వస్తే చాలు, గుండెల్లో దడ. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఇరవై నాలుగు గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. రాష్ట్ర చరిత్రలోనే రికార్డది. జంపన్నవాగు పొంగి ఏటూరునాగారం మండలంలోని కొండాయి ఊరిని ముంచేసింది. పలువురు కొట్టుకుపోయారు. ప్రాణాలు దక్కించుకోవడమే గగనమైన ఆ పూట రేకుపెట్టె సంగతి ఎవరికి గుర్తుంటుంది?

వరద తగ్గాక మాత్రం గుర్తొస్తుంది. మెమో పోయింది, డూప్లికేటు కావాలి. ఎక్కడికెళ్లాలి? చదివిన చోటికే. అంటే ఇంట్లో కాగితం పోయినా విశ్వవిద్యాలయం దగ్గర దాని జాడ ఉండి తీరాలి. ఉంటుందా?

ఏది ఎన్నాళ్లు?

అన్నీ దాచేస్తే పోలేదా అనిపిస్తుంది. కుదరదు. ఒక్క పరీక్షల విభాగంలోనే జవాబు పత్రాలు గదులకు గదులు నిండిపోతాయి. అందుకే వాటిని ఫలితాలొచ్చాక కొన్ని నెలలే ఉంచుతారు. మార్కులన్నీ ఎక్కించే టాబ్యులేషన్‌ రిజిస్టరు సంగతి వేరు. యాభై ఏళ్ల తర్వాత వచ్చి అడిగినా చూపించాల్సింది దాన్నే.

ఈ తేడా ఎంత ముఖ్యమో 2011లో సుప్రీంకోర్టు సీబీఎస్‌ఈ కేసులో తేల్చింది. సమాచార హక్కు చట్టం కింద విద్యార్థి తన జవాబు పత్రాన్ని చూసుకోవచ్చంది. అయితే నిబంధనల ప్రకారం దాచాల్సిన గడువు దాటి, దాన్ని తీసేశాక తెచ్చివ్వమనడం కుదరదనీ చెప్పింది. అంటే హక్కు ఉన్నా దానికి ఆయువు ఉంది. అడగాలనుకున్నవాళ్లు ఆలస్యం చేయకూడదన్నమాట.

రెవెన్యూ ఆఫీసుల్లో పనిచేసిన పాతతరం గుమాస్తాలకు ఈ లెక్కలు కొట్టిన పిండి. ఫైలు ముగిసిందంటే దానిమీద ఓ గుర్తు పడాల్సిందే. ‘ఎల్‌.డిస్‌’ అంటే కొద్దికాలం, ‘డి.డిస్‌’ అంటే పదేళ్లు, ‘ఆర్‌.డిస్‌’ అంటే శాశ్వతం. కేంద్ర ప్రభుత్వ కార్యాలయాల్లో ఎ, బి, సి అని మూడు తరగతులు. ‘సి’కి పదేళ్లు మించదు. ఎర్ర గుడ్డలో మూటగట్టి, చీటీ అంటించి, అటకెక్కించేవారు. దుమ్ము పట్టినా దొరికేది.

ఈమెయిలుకు ఆ గుర్తు ఎవరు వేస్తారు? చిక్కంతా అక్కడే ఉంది.

పంతులు గారితోపాటే...

కాలేజీకి అనుబంధ గుర్తింపు ఇస్తూ వచ్చిన ఉత్తరం, ఉపకార వేతనం ఎందుకు ఆగిందో చెప్పే జవాబు, టెండరు ధరలు, హాస్టల్లో ర్యాగింగ్‌పై ఫిర్యాదు... ఒకప్పుడు ఇవన్నీ ఫైళ్లలో ఉండేవి. ఇప్పుడు ఫలానా ప్రొఫెసరు గారి మెయిల్‌బాక్సులో, పండగ శుభాకాంక్షల మధ్య పడి ఉంటున్నాయి. ఆయన రిటైరవుతారు. ఖాతా మూసేస్తారు. అంతే, ఆ శాఖ జ్ఞాపకాలూ మూతపడతాయి. ఇక సొంత మెయిలు నుంచే ఆఫీసు వ్యవహారాలు నడిపితే అవి విశ్వవిద్యాలయం చేతిలో ఎప్పుడూ లేనట్లే.

దీనికి మందు మరీ ఖరీదైనదేం కాదు. మెయిలు చిరునామా మనిషి పేరుతో కాకుండా కుర్చీ పేరుతో ఉండాలి. రిజిస్ట్రారు మారినా రిజిస్ట్రారు మెయిలు మారకూడదు. నిర్ణయం జరిగిన మెయిలును ఆ పూటే సంబంధిత ఫైల్లోకి చేర్చాలి. ‘బ్యాకప్‌ ఉందిగా’ అని కొందరు ధీమా పడుతుంటారు. బ్యాకప్‌ అంటే కంప్యూటరు చెడిపోతే మళ్లీ నిలబెట్టుకునేందుకు తీసిన నకలు. పాతబడే కొద్దీ దానిమీదే కొత్తది రాసేస్తారు. పదేళ్ల కిందటి ఉత్తరాన్ని పేరుపెట్టి వెతికి తీసే బీరువా కాదది.

పోనీ ప్రింటు తీసి పెట్టుకుంటే? చదువుకోవడానికి సరే. 2000 నాటి ఐటీ చట్టం ఏడో సెక్షను ప్రకారం మాత్రం ఎలక్ట్రానిక్‌ రికార్డు ఎక్కణ్నుంచి వచ్చింది, ఎవరికి వెళ్లింది, ఏ తేదీన, ఏ సమయానికి... అన్నీ తెలిసేలా దాచాలి. కాగితం మీద అచ్చయిన నాలుగు వాక్యాలకు ఆ పుట్టుపూర్వోత్తరాలన్నీ ఉండవు.

చోటు చిక్కు కూడా ఉందండోయ్‌! విద్యాసంస్థలకు గూగుల్‌ ఎంతైనా దాచుకోమంటూ ఉచితంగా చోటిచ్చేది. ఇక అలా కుదరదని 2021లో ప్రకటించింది. 2022 నుంచి సంస్థ మొత్తానికి కలిపి 100 టెరాబైట్లే ఇస్తానంది. వినడానికి పెద్ద అంకె. ఇరవై వేల మంది ఉన్న విశ్వవిద్యాలయంలో తలా పంచితే వచ్చేది ఐదు గిగాబైట్లు! పెళ్లి వీడియో ఒకటి పెడితే సరి. మైక్రోసాఫ్ట్‌ కూడా అదే దారి పట్టింది. దాంతో ప్రపంచవ్యాప్తంగా విశ్వవిద్యాలయాలు దశాబ్దాలుగా వాయిదా వేసిన పనికి దిగాల్సి వచ్చింది. ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి?

కొత్త బడి, ఖాళీ బీరువా

ఈ ప్రశ్న ఇప్పుడు ములుగు గడప తొక్కింది. 2014 విభజన చట్టంలో మాటిచ్చిన గిరిజన విశ్వవిద్యాలయానికి 2023 డిసెంబరులో పార్లమెంటు ఆమోదం దొరికింది. దానికి మేడారం వనదేవతల పేరు పెట్టారు. సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం, హైదరాబాద్‌ సెంట్రల్‌ యూనివర్సిటీ చేయి పట్టుకుని, 2024లో జాకారంలోని యువజన శిక్షణ కేంద్రంలో తరగతులు మొదలుపెట్టింది.

పాత విశ్వవిద్యాలయాల్లో మోపెడు ఫైళ్లు ఉంటాయి. 1976లో పుట్టిన కాకతీయకు అర్ధశతాబ్దపు రికార్డు ఉంది. ములుగుకు ఆ బరువు లేదు. మొదటి మెయిలు నుంచే పద్ధతిగా పెట్టుకునే వీలుంది. కేంద్ర సంస్థ కాబట్టి 1993 నాటి పబ్లిక్‌ రికార్డుల చట్టం దీనికి వర్తిస్తుంది. దాని ప్రకారం రికార్డుల అధికారి అంటూ ఒకరుండాలి. ఇష్టమొచ్చినట్లు తగలబెట్టడం నేరం, అయిదేళ్ల వరకూ జైలు పడొచ్చు. సమాచార హక్కు కింద ఎవరైనా అడిగిన కాగితాన్ని మాయం చేస్తే, ఆ అధికారికి రోజుకు 250 రూపాయల లెక్కన 25,000 రూపాయల దాకా జరిమానా.

దీనికి రెండోవైపు కూడా ఉంది. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, అవసరం తీరిన సొంత వివరాలను చెరిపెయ్యమంటోంది. దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి, దశలవారీగా అమల్లోకి వస్తాయి. సీటు దొరకని పిల్లాడి ఆధార్‌ నకలూ, తండ్రి ఆదాయ ధ్రువీకరణ పత్రమూ ఏ గుమాస్తా మెయిల్లోనో పదేళ్లు పడి ఉండటం ఎవరికి మేలు? దాచకపోవడం ఎంత తప్పో, దాచకూడనిది దాచడమూ అంతే తప్పు.

లండన్‌లో మన అడవి

దాచడం వల్ల ఒరిగేదేమిటో తెలియాలంటే ఓసారి లండన్‌ వెళ్లాలి. నిజాం ప్రభుత్వానికి గిరిజన వ్యవహారాల్లో సలహాదారుగా పనిచేసిన హైమన్‌డార్ఫ్‌, 1940ల్లో హైదరాబాద్‌ సంస్థానమంతా తిరిగారు. ఆదిలాబాద్‌ గోండుల దగ్గర్నుంచి గోదావరి ఒడ్డున వరంగల్‌ జిల్లా కొండరెడ్ల దాకా ఎందరినో కలిశారు. ఆయన తీసిన ఫొటోలు, ఫిల్ములు, రాసుకున్న డైరీలు లండన్‌ విశ్వవిద్యాలయంలోని ‘సోయాస్‌’లో భద్రంగా ఉన్నాయి. ఏ గూడెంలో ఏం తిన్నారు, ఎవరి భూమి ఎవరి పాలైంది లాంటి సంగతులు ఆ రోజు ఎవరికి ముఖ్యమనిపించి ఉంటాయి? ఇప్పుడు పరిశోధకులకు అవే ఆధారం. మన ముత్తాతల ముఖాలు చూడ్డానికి మనవలు సముద్రాలు దాటాలన్నదే కాస్త బాధ.

ఇక రేకుపెట్టె సంగతి. పట్టాలు, మెమోలు భద్రపరిచేందుకు నేషనల్‌ అకడమిక్‌ డిపాజిటరీ ఉంది. డిజిలాకర్‌ ద్వారా అందులోంచి ఎవరి పత్రాన్ని వాళ్లు తీసుకోవచ్చు. కాకపోతే ఫోనుకు ఓటీపీ రావాలి, అది రావడానికి సిగ్నలుండాలి. అడవిలోని గూడేల్లో అదే కరవు. దానికితోడు విశ్వవిద్యాలయం ఎక్కించిన పత్రమే అందులో కనిపిస్తుంది. పాతికేళ్ల కిందట డిగ్రీ చేసినవాళ్లు తమది ఎక్కిందో లేదో ఓసారి చూసుకోవడం మంచిది. ఎక్కకపోతే వరద రాకముందే పరీక్షల విభాగానికి అర్జీ పెట్టుకోవచ్చు. అన్నట్టు, ఒరిజినళ్లకు లామినేషన్‌ చేయించకండి. సీలు, సంతకం తడిమి చూసి అసలో నకిలీయో తేల్చే వీలు దాంతో పోతుంది.