బాల్యంలో నడవడి: ఆజ్ఞ నుండి అవగాహన వరకు

బిడ్డ మంచిచెడ్డలు తెలిసి పుట్టదు. అయితే వాటిని తెలుసుకొనే శక్తితో పుడుతుంది. ఆ శక్తి ఏ వయసులో ఏ రూపం దాలుస్తుంది? దానికి తోడ్పడేవి ఏవి, అడ్డుపడేవి ఏవి? తల్లిదండ్రులకూ గురువులకూ ఈ ప్రశ్నలు సమానంగా ముఖ్యమైనవి. తర్బియత్ అన్న మాటలోనే పెంచడం, ఎదిగించడం అన్న అర్థం వుంది. ఎదుగుదలకు ఒక క్రమం వుంటుంది. ఆ క్రమాన్ని గుర్తించని శిక్షణ ఎంత శ్రద్ధగా జరిగినా సగమే ఫలిస్తుంది.

సూర్యాపేట జిల్లాలోని ఆత్మకూర్ (ఎస్) వంటి పల్లెసీమలో ఈ క్రమం స్పష్టంగా కనబడుతుంది. 2016 అక్టోబరు వరకు ఈ మండలం నల్గొండ జిల్లాలో వుండేది. ఇక్కడి ముస్లిం పిల్లవాడు సాధారణంగా ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడుతూ పెరుగుతాడు. ఇల్లు, అంగన్‌వాడీ, మక్తబ్, బడి, ఆటస్థలం — ఒక్కొక్క చోట ఒక్కొక్క కట్టుబాటు. జిల్లాలోని జాన్‌పహాడ్ దర్గా ఉర్సుకు ఏటా జనవరిలో అన్ని మతాలవారూ వస్తారు. సైదులు అన్న పేరు ముస్లిమేతర కుటుంబాల్లోనూ ఈ ప్రాంతమంతటా వినిపిస్తుంది. తనవాళ్ళు, పరాయివాళ్ళు అన్న తేడాతో పాటు, వారితో కలిసి బ్రతికే పద్ధతిని కూడా పిల్లవాడు ఈ వాతావరణంలోనే నేర్చుకోవలసి వుంటుంది.

తొలి ఆరేళ్ళు

పసివాడికి స్వార్థం తప్ప మరేమీ తెలియదని ఒకప్పుడు భావించేవారు. 2006లో వార్నెకెన్, టోమసెల్లో అనే పరిశోధకులు ప్రచురించిన అధ్యయనం ఈ భావనను సడలించింది. చేతినిండా వస్తువులతో బీరువా తలుపు తెరవలేక అవస్థపడుతున్న పెద్దమనిషికి, ఏడాదిన్నర వయసు పిల్లలు ఎవరూ అడగకుండానే సాయపడ్డారు. కనుక మేలు చేసే గుణానికి విత్తనం ముందే వుంది. దానికి నీరు పోసేది ఇంటివారి ఆప్యాయత. తనకు పదిమంది పిల్లలున్నా ఏ ఒక్కరినీ ముద్దాడలేదని అఖ్రా బిన్ హాబిస్ అన్నప్పుడు, కరుణ చూపనివాడు కరుణకు నోచుకోడన్న భావాన్ని దైవప్రవక్త (స) తెలియజేశారు.

ఈ వయసు పిల్లలు చెప్పినదానికంటె చూసినదాన్నే ఎక్కువగా నేర్చుకుంటారు. "ఇటు రా, చాక్లెట్ ఇస్తాను" అని పిలిచి, వచ్చాక ఏమీ ఇవ్వని తల్లి అబద్ధం ఎలా ఆడాలో నేర్పుతోందన్నమాట. ఇటువంటి సందర్భమే ఒకటి హదీసులో వుంది. బిడ్డను ఏదో ఇస్తానని పిలిచిన తల్లిని, ఏమివ్వదలచావని ప్రవక్త (స) ప్రశ్నించారు. ఖర్జూరమని ఆమె చెప్పగా, ఏమీ ఇవ్వకపోయివుంటే అది అబద్ధంగా వ్రాయబడేదని హెచ్చరించారు.

ఇల్లు దాటాక పల్లె పిల్లలకు ఎదురయ్యే మొదటి సమాజం అంగన్‌వాడీ. 1975 అక్టోబరు 2న దేశంలో ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం క్రింద ఈ కేంద్రాలు వెలిశాయి. తన వంతు వచ్చేదాకా ఆగడం, ఒకే బొమ్మతో ఇద్దరు ఆడుకోవడం పిల్లలకు అక్కడే అలవాటవుతాయి.

గోటీలాట నేర్పే పాఠం

స్విట్జర్లాండుకు చెందిన ఝాన్ పియాజే పిల్లల నైతిక వివేచనపై 1932లో ఒక ప్రసిద్ధ గ్రంథం వెలువరించాడు. దాని కోసం ఆయన చేసిన పని చిత్రమైనది: గోటీలాడే పిల్లల దగ్గర కూర్చొని, ఈ నియమాలు ఎవరు పెట్టారు, వీటిని మార్చవచ్చునా అని అడిగాడు. చిన్నపిల్లల దృష్టిలో నియమం పెద్దలు పెట్టినది, మార్చరానిది. పది పన్నెండేళ్ళ వారికి అది ఆడేవారందరి ఒప్పందం. అందరూ ఒప్పుకుంటే మారుతుంది, మారనంతవరకు అందరినీ కట్టివేస్తుంది.

తెలుగు పల్లెల్లో ఈ పాఠానికి వేరే ప్రయోగశాల అక్కరలేదు. ఎవడైనా మోసం చేస్తే "తొండి!" అన్న కేక లేస్తుంది. తీర్పు చెప్పడానికి పెద్దవాడెవడూ రానక్కరలేదు. ఆట ఆగిపోవడమే శిక్ష. అదే పిల్లలు ఆడలేని చిన్న తమ్ముణ్ణి ఆటలో అరటిపండుగా చేర్చుకుంటారు. వాడు ఓడినా ఓడినట్టు కాదు. అందరికీ ఒకే నియమం వుండడం న్యాయమైతే, బలహీనుడికి ఆ నియమాన్ని సడలించడం దయ. ఈ రెండూ కలిసి నడవాలని వారికి ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు.

ఉద్దేశాన్ని గుర్తించడం కూడా క్రమంగా వచ్చేదే. పొరపాటున పదిహేను కప్పులు పగులగొట్టినవాడు, జాము దొంగిలించబోయి ఒక్క కప్పు పగులగొట్టినవాడు — వీరిలో ఎవరిది పెద్ద తప్పని పియాజే అడిగాడు. చిన్నపిల్లల్లో చాలామంది నష్టాన్ని లెక్కించారు; పెద్దపిల్లలు ఉద్దేశాన్ని చూశారు. చిన్నపిల్లల తెలివిని పియాజే కొంత తక్కువగా అంచనా వేశాడని తరువాతి పరిశోధకులు చూపినా, దిశ మాత్రం అదే. కర్మలు సంకల్పాన్ని బట్టి వుంటాయన్న సూత్రం తెలిసిన ముస్లింలకు ఇది కొత్త విషయం కాదు. అయినా నీళ్ళు మోసుకొస్తూ బిందె జారవిడిచిన పిల్లకు, కావాలని గిన్నె విసిరిన పిల్లవాడికి ఒకే దెబ్బ వేసే ఇల్లు ఆ సూత్రాన్ని తన చేతితోనే చెరిపివేస్తుంది.

ఏడేళ్ళు, పదేళ్ళు

పిల్లలను ఏడవయేట నమాజుకు ఆదేశించమని హదీసు చెబుతుంది. మంచిచెడ్డలను వేరుచేసి చూడగల ఈ స్థితిని ధర్మశాస్త్రవేత్తలు తమ్‌యీజ్ అన్నారు. నమాజు విషయంలో అశ్రద్ధకు దండన ప్రసక్తి పదేళ్ళకే, అంటే మూడేళ్ళ బోధన తరువాతనే వస్తుంది. ఆ దండన గాయపరచరాదని ధర్మశాస్త్రవేత్తలు హద్దులు కూడా పెట్టారు. బోధనను విడిచి దండనను మాత్రమే గుర్తుంచుకోవడం ఆ క్రమాన్ని తలక్రిందులు చేయడమే.

ఇమామ్ గజాలీ (మరణం 1111) పిల్లవాడి తొలి తప్పును చూసీచూడనట్టు వదలమన్నారు. మళ్ళీ చేస్తే చాటుగా మందలించమన్నారు. అస్తమానం తిట్టడం వల్ల మాటకు విలువ పోతుందని, చదువు తరువాత ఆటకు వీలివ్వకపోతే మనసు చచ్చిపోతుందని హెచ్చరించారు. కాఠిన్యం మధ్య పెరిగినవాడు దెబ్బలకు భయపడి అబద్ధానికి, కపటానికి అలవాటుపడతాడని ఇబ్నె ఖల్దూన్ (1332–1406) వివరించారు. 2009 నాటి విద్యాహక్కు చట్టం బడిలో శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధించింది.

లుఖ్మాన్ తన కుమారునికి చేసిన బోధను ఈ దృష్టితో చదివితే ఒక విశేషం కనబడుతుంది. ఆయన ప్రేమగా పిలిచి మాట్లాడతాడు. బహుదైవారాధన వద్దంటూనే అది ఎందుకు ఘోరమో చెబుతాడు. ఆ సూరాలోనే తల్లిదండ్రుల పట్ల కృతజ్ఞతను ఆదేశిస్తూ, తల్లి పడిన శ్రమను గుర్తుచేయడం జరిగింది. ఆజ్ఞ వెంట కారణం వుంది. కారణం తెలిసిన ఆజ్ఞ పెద్దలు కనబడనప్పుడు కూడా నిలుస్తుంది.

ఇంట్లో న్యాయం

ఒక కుమారునికి మాత్రమే కానుక ఇచ్చి, దానికి సాక్షిగా వుండమని ఒక సహాబీ కోరినప్పుడు, పిల్లలందరికీ ఇలాగే ఇచ్చావా అని ప్రవక్త (స) అడిగారు. ఇవ్వలేదని తెలిసి సాక్ష్యానికి నిరాకరించారు. అన్నకు గ్రుడ్డు, చెల్లెలికి పులుసు పెట్టే ఇంట్లో ఇద్దరూ చెడిపోతారు: ఒకరు అన్యాయాన్ని హక్కు అనుకుంటారు, మరొకరు దాన్ని తన తలరాత అనుకుంటారు.

ఇదంతా నేడు మరింత అవసరం. తెలంగాణలో మైనారిటీ గురుకులాలు 2016లో 71 పాఠశాలలతో మొదలై, తరువాత రెండు వందలు దాటాయి. వాటిలో ప్రవేశం అయిదవ తరగతి నుండి. అంటే సుమారు పదేళ్ళకే పిల్లలు ఇల్లు విడిచి, తోటివారి మధ్య రాత్రింబవళ్ళు గడుపుతున్నారు. అక్కడ సబ్బు పోయినప్పుడు, పరీక్షలో కాపీ కొట్టే అవకాశం దొరికినప్పుడు, బలహీనుణ్ణి నలుగురూ ఏడిపిస్తున్నప్పుడు తండ్రి కళ్ళు చూడవు. భయం ఒక్కటే నేర్చినవాడికి అక్కడ ఆధారం లేదు. కారణం తెలిసినవాడు, ఇంట్లో న్యాయం చూసినవాడు, తప్పు ఒప్పుకొని క్షమ పొందినవాడు మాత్రం తన ఇంటిని వెంట తీసుకువెళతాడు.

కనుక చిన్ననాడు ప్రేమతో ఆజ్ఞ, ఏడేళ్ళ నుండి కారణంతో కూడిన బోధ, పదేళ్ళ నుండి బాధ్యత, సంప్రదింపు — తర్బియత్ ఈ వరుసలో సాగాలి. సెలవులకు ఇంటికి వచ్చిన పిల్లవాణ్ణి మార్కులతో పాటు, అక్కడ ఎవరితో పోట్లాడావు, ఎలా రాజీపడ్డావు అని కూడా అడిగి, చెప్పినంతసేపు ఓపికగా వినడం ఆ బాధ్యతలో తల్లిదండ్రుల వంతు.